ఉప్పునకు విడువబడిన చోట పూచిన పువ్వు

పఠనభాగములు: యెహెజ్కేలు 47:1–12, ఎజ్రా 2:59–63

సూరతు నగరములో సలాబత్‌పురా అను పేట యున్నది. ఒక ప్రక్క రింగురోడ్డు, దాని వెంబడి అంతస్తులుగా లేచిన జవుళి మార్కెట్లు. మరియొక ప్రక్క ఇరుకు సందులు. ఉదయము మొదలుకొని రాత్రివరకు గుడ్డల మూటలు తలలమీదను తోపుడుబండ్లమీదను కదలుచునే యుండును. ఈ నగరమునకు సిరిసిల్ల, కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి నేతవారు తరములుగా వలస వచ్చిరి. సొంత ఊరిలో మగ్గము కూడు పెట్టజాలని దినములలో కొందరు షోలాపూరునకు, కొందరు భివండికి, కొందరు సూరతునకు పోయిరి. సూరతు నగరపాలక సంస్థ నడుపు ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమపు బడులు కూడ ఉండుటయే వారి రాకకు సాక్ష్యము.

అట్టి యొక కుటుంబమును తలంచుకొనవచ్చును. సిరిసిల్లవారు సాంచెలని పిలుచు మరమగ్గములయొద్ద తండ్రి పండ్రెండు గంటల షిఫ్టు ముగించుకొని యింటికి వచ్చును. కుమారుడు సూరతులోనే పుట్టి పెరిగినవాడు. ఇంటిలో తెలుగు, వీధిలో గుజరాతీ, బజారులో హిందీ. వేసవి సెలవులలో తాత ఊరికి పోయినప్పుడు అక్కడి పిల్లలు వానిని "సూరతు పోరడు" అని పిలిచి వాని మాటతీరునకు నవ్వుదురు. తిరిగి వచ్చినప్పుడు ఇక్కడివారు వానిని "తెలుగువాడు" అని వేరుపరతురు. ఒక రాత్రి ఆ బాలుడు, "బాపూ, మనది ఏ ఊరు?" అని యడిగెను. తండ్రి ఊరి పేరు చెప్పబోయి ఆగెను. ఆ యూరిలో ఇప్పుడు వారికి ఇల్లు లేదు. ఈ యూరిలో ఉన్నది అద్దె గది. "పండుకో బిడ్డా, పొద్దున చెప్త" అని మాత్రమే అనెను.

ఆ తండ్రి ప్రార్థన ఏండ్ల తరబడి రెండు మాటలలోనే యుండెను: ప్రభువా, ఈ చోటునైనను బాగుచేయుము, లేదా మమ్మును ఇక్కడనుండియైనను తీసికొనిపొమ్ము. చోటు బాగుపడలేదు, వారు తీసికొనిపోబడనులేదు. 1994లో ప్లేగు భయముచేత లక్షలాదిమంది ఆ నగరమును విడిచిరి. విడిచినవారిలో అనేకులు మరల వచ్చిరి, ఏలయనగా పని అక్కడనే యున్నది. 2006 ఆగస్టులో తాపీ నది పొంగి నగరములో అధికభాగమును ముంచెను; నీరు తీసినపిమ్మట బురద కడిగి సాంచెలు మరల నడిపించిరి. దేవుడు ఆలకింపలేదని అట్టివాడు తలంచినయెడల వానిని తప్పుపట్టుట సులభము, వానికి ఉత్తరమిచ్చుట కష్టము. ఆ యుత్తరమును వెదకుటకు యెహెజ్కేలు గ్రంథములో సాధారణముగా ఎవరును ఆగని యొక వచనమునొద్ద ఆగవలసియున్నది.

యెహెజ్కేలు మాటలను మొదట వినినవారును పరదేశమున కాపురముండినవారే. కెబారు నదియొద్ద తేలాబీబు అను స్థలమున చెరపట్టబడినవారు దిగియుండిరి (యెహె. 3:15). చెరలోని యిరువదియైదవ సంవత్సరమున, అనగా క్రీస్తుపూర్వము 573 ప్రాంతమున, ప్రవక్త యొక ఆలయమును దర్శనమందు చూచెను. ఆ మందిరపు గడప క్రిందనుండి నీళ్లు ఉబికి తూర్పుగా పారెను. మొదట చీలమండలోతు, పిమ్మట మోకాళ్లలోతు, పిమ్మట మొలలోతు, తుదకు దాటలేని నది. ఆ నది అరాబాలోనికి దిగి ఉప్పు సముద్రమున పడగా ఆ సముద్రపు నీళ్లు మంచినీళ్లాయెను. సముద్రమట్టమునకు నాలుగువందల మీటర్లకంటె లోతున, సామాన్య సముద్రమునకు దాదాపు పదిరెట్లు ఉప్పు గలిగి, చేప బ్రదుకజాలని ఆ నీటి యొడ్డున, ఏన్గెదీ మొదలుకొని ఏనెగ్లాయీము వరకు జాలరులు వలలు ఆరవేయుట ప్రవక్త చూచెను.

వాగ్దానము ఇంత గొప్పదిగా సాగుచుండగా పదునొకండవ వచనమున ఒక మినహాయింపు కనబడును. ఆ సముద్రపు బురదనేలలును ఊబినేలలును మాత్రము బాగుచేయబడవు. అవి ఉప్పునకే యుండును. నది పారినది, సముద్రము స్వస్థపడినది, చేపలు వచ్చినవి, ప్రతి మాసము ఫలించు చెట్లు మొలిచినవి. ఆ యూబినేల మాత్రము ఉప్పగానే మిగిలినది. చెరలో నున్న శ్రోతలలో ఎందరు ఈ మాటయొద్ద తలవంచుకొనియుందురో! స్వస్థత తమ ప్రక్కనుండియే పారిపోయి, తమ్మును తాకలేదని తలంచువారు ఏ సంఘమునందైనను ఉందురు.

కొందరు వ్యాఖ్యాతలు ఈ వచనమును తీర్పుగా ఎంచిరి. కృపను త్రోసివేసినవారికి ఇది గురుతు అనిరి. అయితే ఆ ఊబినేల ఏ పాపము చేసినట్లును వాక్యము చెప్పుటలేదు. హెబ్రీ మూలమున అక్కడ ఉపయోగింపబడిన క్రియకు "ఇయ్యబడెను" అని అర్థము. వాన ఇయ్యబడుటకు, దేశము ఇయ్యబడుటకు, ధర్మశాస్త్రము ఇయ్యబడుటకు లేఖనము వాడు సామాన్యమైన క్రియ అది. ఆ నేల ఉప్పునకు ఇయ్యబడినది. ఉప్పుతో పని యేమి? అదే ప్రవక్త నలువదిమూడవ అధ్యాయమున, యాజకులు దహనబలిమీద ఉప్పు చల్లవలెనని చెప్పియున్నాడు (43:24). లేవీయకాండము ప్రతి నైవేద్యమును ఉప్పుతో అర్పింపవలెననియు, దేవుని నిబంధనయొక్క ఉప్పు దానిలో లేకుండకూడదనియు ఆజ్ఞాపించెను (2:13). సముద్రమంతయు తియ్యనైనయెడల బలిపీఠమునకు ఉప్పు ఎక్కడనుండి వచ్చును? మందిరమునుండి బయలుదేరిన నది మందిరమునకు కావలసిన దానిని తుడిచివేయక విడిచిపెట్టెను. అనేక వ్యాఖ్యాతలు గ్రహించిన భావమిది. ఆ ఊబినేల మరువబడిన నేల కాదు, ఉంచబడిన నేల.

అయినను ఒక ప్రశ్న నిలుచును. ఉప్పునేల ఉప్పుకొరకు పనికివచ్చును సరే. అందులో ప్రాణము ఉండునా? ఉప్పు కలిసిన నేలలో గింజ వేసిన రైతునకు ఫలితము తెలియును. వేరుచుట్టు ఉప్పు హెచ్చినప్పుడు నీరు ఎదుటనే యున్నను వేరు దానిని పీల్చుకొనజాలదు; మొక్క నీటిమధ్యనే దప్పితో వాడును. యిర్మీయా ప్రవక్త సహితము నరుని నమ్ముకొనువానిని చవిటినేలలోని పొదతో పోల్చెను (17:6). అయితే సృష్టికర్త ఆ నేలను పూవు లేకుండ విడిచిపెట్టలేదు.

యోబు గ్రంథము ముప్పదియవ అధ్యాయము నాలుగవ వచనమున, సంఘమునుండి వెళ్లగొట్టబడినవారు ఎడారిలో పెరుకుకొని తినిన యొక మొక్క చెప్పబడినది. తెలుగు బైబిలు దానికి తుత్తి యని పేరు పెట్టెను. తర్జుమా చేయువారు తమ జనులెరిగిన చెట్టును వెదకుట న్యాయమే. హెబ్రీలో ఆ మొక్క పేరు మల్లూఅహ్. "ఉప్పు" అని అర్థమిచ్చు మెలహ్ అను మాటనుండి పుట్టినది. పురాతన గ్రీకు తర్జుమాదారులును దానిని ఉప్పు అను మాటనుండి పుట్టిన పేరుతోనే పిలిచిరి. చవిటినేలలో బూడిదరంగు ఆకులతో పెరుగు పొద అదియని శాస్త్రజ్ఞులు తలంచుదురు. తన పేరులోనే ఉప్పును మోయు మొక్క యొకటి, వెళ్లగొట్టబడినవారికి ఆహారమాయెను.

అట్టి మొక్కను చూచుటకు సూరతువారు దూరము పోనక్కరలేదు. భారతదేశపు ఉప్పులో దాదాపు నాలుగింట మూడు వంతులు గుజరాతులోనే తయారగును. ఆ రాష్ట్రపు ఉత్తరభాగమున దాదాపు 5,000 చదరపు కిలోమీటర్ల చిన్న రణ్ అను ఉప్పునేల పరచుకొనియున్నది. వర్షాకాలమున అది నీటితో నిండును; నీరు ఆరినపిమ్మట అగరియాలను ఉప్పు పనివారు కుటుంబములతో అక్కడికి పోయి, భూమిలోని ఉప్పునీటిని తోడి మడులలో ఎండబెట్టుదురు. గుజరాతు చవిటినేలలలో నేలనంటి పెరుగు చిన్న మొక్క యొకటి కలదు. తెలుగువారు దానిని ఉప్పుసనగ యందురు. సనగ మొక్కను పోలిన సన్నని ఆకులు దానికుండును. సంస్కృతమున దాని పేరు రుదంతి, అనగా ఏడ్చునది. తాను పీల్చిన ఉప్పులో మిగులును అది ఆకులమీది గ్రంథులద్వారా బయటికి విడుచును. తేమ పట్టినప్పుడు ఆ యాకులు కన్నీరు కార్చినట్లు కనబడును. చుట్టును తక్కిన గడ్డి ఎండినప్పుడు అది తెల్లగానో లేత గులాబీరంగుగానో చిన్న పూలు పూయును. దావీదు కన్నీళ్లు దేవుని బుడ్డిలో దాచబడినవని కీర్తన చెప్పుచున్నది (56:8). ఏడ్పును లోపల దాచుకొని చేదైపోక, దానిని దేవుని యెదుట విడిచి పూయుట ఆ చిన్న మొక్క చూపు మొదటి పాఠము.

ఇంతకంటె విచిత్రమైన పువ్వు దేవుని భూమిమీద మరియొకటి కలదు. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రమునను, టెక్సాసు పశ్చిమభాగమునను, సముద్రమునకు బహుదూరమైన మెట్టప్రాంతములలో, ఉప్పు ఊటలు పుట్టి చిత్తడిగా నుండు కొన్ని చోట్లు ఉన్నవి. అక్కడ మాత్రమే ఒక అడవి పొద్దుతిరుగుడు పెరుగును. పెకోసు నది పేర దానిని పెకోసు పొద్దుతిరుగుడు అందురు. 1958లో చార్లెసు హైసర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు దానికి శాస్త్రీయనామము పెట్టునప్పుడు "పారడాక్సస్" అని పేర్కొనెను. అనుకొనినదానికి విరుద్ధమైనది అని ఆ మాటకు భావము. అది సెప్టెంబరు, అక్టోబరు మాసములలో పసుపుపచ్చగా పూయును. కొద్ది చోట్ల మాత్రమే మిగిలియుండుటచేత 1999లో అమెరికా ప్రభుత్వము దానిని అపాయములోనున్న జాతిగా ప్రకటించి చట్టరక్షణ క్రిందికి తెచ్చెను.

దాని పుట్టుక శ్రద్ధగా వినదగినది. అది రెండు సామాన్యమైన పొద్దుతిరుగుడు జాతుల కలయికవలన పుట్టినదని పరిశోధకులు కనుగొనిరి. ఒకటి బరువైన నేలలో పెరుగునది. తోటలలోను చేలలోను కనబడు పొద్దుతిరుగుడు ఆ జాతిదే. మరియొకటి పొడి ఇసుకనేలలో పెరుగునది. ఆ రెండింటిలో ఏదియు ఉప్పు చిత్తడిలో బ్రదుకజాలదు. వాటి సంతానమైన ఈ మొక్క తల్లిదండ్రులకంటె దాదాపు ఐదురెట్లు ఉప్పును ఓర్చుకొనునని పరీక్షలలో తేలెను. లోరెన్ రీసెబర్గ్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఆ రెండు జాతులను మరల కలిపి, పుట్టిన మొక్కలను ఉప్పు చిత్తడిలో నాటి చూచి, 2003లో తమ ఫలితములను ప్రచురించిరి. ఆకులు దళసరియగుటయు, వేరు ఏ లవణమును ఎంత రానీయవలెనో అదుపుచేయుటయు అక్కడ బ్రదుకుటకు తోడ్పడునని వారు చూచిరి. తండ్రి నేలకును తల్లి నేలకును చెందనిది, వారిరువురును నిలువలేని చోట నిలిచి పూచినది.

సృష్టిలోని సంగతులనుండి సిద్ధాంతములను కట్టుట ప్రమాదకరము. పువ్వు సువార్త కాదు. అయినను అడవి పువ్వులను ఆలోచించుడని ప్రభువే చెప్పెను గనుక (మత్తయి 6:28) ఆలోచించుటలో తప్పులేదు. వాక్యము చెప్పినదానిని పువ్వు సాక్ష్యపరచుచున్నదా యని చూచుటయే విశ్వాసి పని. ఈ విషయమున మూడు సంగతులు గమనింపదగియున్నవి.

మొదటిది, ఆ పువ్వును చంపునది ఉప్పు కాదు, నీటి కొరత. పెకోసు పొద్దుతిరుగుడునకు వచ్చిన అపాయములలో ముఖ్యమైనది భూగర్భజలమును అతిగా తోడుటచేత ఊటలు ఎండిపోవుట. ఊట పారుచున్నంతకాలము ఉప్పుమధ్య అది నిలుచును. ఊట ఎండినయెడల దానికున్న ఓర్పంతయు వ్యర్థము. ఆ నేలను మంచినేలగా మార్చినను దానికి మేలు కలుగదు. ఉప్పు తగ్గినచోట సామాన్యమైన కలుపు వచ్చి దానిని త్రోసివేయును. సలాబత్‌పురాలో విశ్వాసి కుటుంబము వేడుకొనవలసినది ఇక్కడ తెలియుచున్నది. చోటు మారవలెనని ప్రార్థించుటలో పాపము లేదు. పౌలు సహితము ముల్లు తొలగవలెనని మూడుమారులు వేడుకొనెను. అయితే చోటు మారువరకు ఊటను నిర్లక్ష్యముచేయుట మరణకరము. పండ్రెండు గంటల పనిపిమ్మట బైబిలు విప్పు పది నిమిషములు, ఆదివారమున అద్దె గదిలోనైనను కూడుకొను నలుగురు, పిల్లలకు అర్థమగు మాటలో చెప్పబడు వాక్యము: ఇవే ఊట. యెరికోలో నీళ్లు చెడియుండగా ఎలీషా ఆ జనులను వేరొక పట్టణమునకు తరలింపలేదు. నీటి ఊటయొద్దకు పోయి అందులో ఉప్పు వేసెను (2 రాజులు 2:19–22). ఉప్పు దేవుని చేతిలో స్వస్థతకు కూడ సాధనమగునని ఆ దినమున ఆ ఊరివారు చూచిరి.

రెండవది, దేవుడు తన జనులను లెక్కించునప్పుడు రుజువు చూపలేనివారిని వదలివేయడు. ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయము పొడవైన పేర్ల పట్టిక. ప్రార్థనకూటములలో దానిని చదువువారు అరుదు. బబులోను చెరనుండి తిరిగి వచ్చిన కుటుంబములు అందులో వంశము వంశముగా వ్రాయబడియున్నవి. ఏబదితొమ్మిదవ వచనమున ఒక గుంపు వచ్చును. వారు తేల్మెలహు మొదలగు చోట్లనుండి వచ్చినవారు; తమ పితరుల యిల్లు ఏదియో, తాము ఇశ్రాయేలీయులో కారో చూపింపలేకపోయిరి. తేల్మెలహు అను మాటకు అర్థమేమి? ఉప్పు దిబ్బ. యోబు చెప్పిన మొక్క పేరులోనున్న మెలహ్ ఈ యూరి పేరులోను ఉన్నది. ఉప్పు దిబ్బమీద పుట్టి పెరిగిన ఆ పిల్లలకు యెరూషలేము తాతలు చెప్పగా వినిన పేరు మాత్రమే. బబులోను వారి ఊరు కాదు. వంశపత్రికలు చెరలో పోయెనేమో, లేక వారి తండ్రులు వ్రాయించుకొననేలేదేమో. అయినను వారు బయలుదేరిరి. దేవుని గ్రంథము వారిని ఏమి చేసెను? వారి సంఖ్య 652 అని వ్రాసికొనెను. నెహెమ్యా గ్రంథమున ఆ సంఖ్య 642గా కనబడును; లెక్కలో పది తేడా వచ్చినది గాని ఏ లెక్కలోను వారు విడువబడలేదు. వంశము చూపలేని యాజకులు యాజకత్వమునుండి ఆపబడిరి అని తరువాతి వచనములు చెప్పుచున్నవి గనుక, వంశమును గూర్చి ఆ దినములలో ఎంత పట్టుదల యుండెనో తెలియును. అంత పట్టుదల మధ్యను ఉప్పు దిబ్బవారు ఇంటికి పోవు జనుల పట్టికలో నిలిచిరి.

"మనది ఏ ఊరు?" అను ప్రశ్న ఇక్కడ తన యుత్తరమును కనుగొనుచున్నది. రెండు భాషల నడుమ పెరిగిన బిడ్డను చూచి తెలుగు తండ్రి తన నేల పోయినదని దుఃఖించును. ఆ బిడ్డ రెండు చోట్లను పరాయియని లోకము నవ్వును. దేవుడు అట్టివారిని తన పనికి ఏర్పరచుకొనిన దృష్టాంతములు లేఖనమున కొల్లగా నున్నవి. తిమోతి తల్లి యూదురాలు, తండ్రి గ్రీసుదేశస్థుడు (అపొ. 16:1). మోషే హెబ్రీయుల గర్భమున పుట్టి ఐగుప్తు నగరున పెరిగెను. తండ్రి నిలువలేని చోట, తాత మాట పోని చోట, ఆ బిడ్డ నిలిచి మాటలాడగలడు. గుజరాతీ పొరుగువాని దుఃఖమును వాని భాషలోనే విని, తెలుగులో దానికొరకు ప్రార్థించువాడు ఆ వీధిలో మరెవడు? తన రెండు మాటలను వాడు సిగ్గుగా కాక వరముగా ఎంచుకొనునట్లు పెంచుట తల్లిదండ్రులకును సంఘమునకును ఇయ్యబడిన బాధ్యత.

మూడవది, దేవుడు ఉంచిన ఉప్పు వేరు, మనుష్యుడు చల్లిన ఉప్పు వేరు. ఈ భేదమును మరచిన ప్రసంగము పేదవానికి అన్యాయము చేయును. న్యాయాధిపతుల గ్రంథమున అబీమెలెకు షెకెము పట్టణమును పడగొట్టి, అందలి జనులను చంపి, ఆ స్థలమున ఉప్పు చల్లెను (9:45). ఆ యుప్పును దేవుడు ఇయ్యలేదు, పగ ఇచ్చెను. అదే అధ్యాయము ముగియకముందే దేవుడు అబీమెలెకు చెడుతనమును వాని తలమీదికే మరల రప్పించెను. పని చేయించుకొని కూలి బిగబట్టుట, ఊపిరాడని షెడ్డులో పిల్లలను పనికి నిలువబెట్టుట, జబ్బుపడినవానిని మరునాడే తీసివేయుట మనుష్యుడు చల్లిన ఉప్పు. దానిని చూపి "ఇది దేవుని చిత్తము, ఓర్చుకొనుము" అనుట యెహెజ్కేలు వాక్యమును అపహరించుట. బిగబట్టబడిన కూలి మొరపెట్టుచున్నదనియు, ఆ మొర సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవులలో చొచ్చెననియు యాకోబు వ్రాసెను (5:4). విశ్వాసి అట్టి ఉప్పును ఎదిరింపవచ్చును, ఎదిరింపవలెను. తన కూలిని అడుగుట అవిశ్వాసము కాదు. పువ్వు ఉప్పును ఓర్చుకొనునని ఊటను ఎండగొట్టినవానికి క్షమాపణ దొరకదు కదా! చట్టము ఆ పువ్వును కాపాడుటకు పూనుకొనినది. దేవుని స్వరూపమందు సృజింపబడిన నేతపనివాడు దానికంటె ఎంతో శ్రేష్ఠుడు.

మనుష్యుడు చల్లిన ఉప్పును ఎదిరించినపిమ్మటను కొంత ఉప్పు మిగులును. తల్లి మరణశయ్యయొద్దకు చేరలేని దూరము, పండుగదినమున గుర్తుకువచ్చు ఊరు, రెండు చోట్లను పూర్తిగా ఇమడని తనము: వీటిని ఏ సంఘమును, ఏ చట్టమును తీసివేయజాలదు. ఆ మిగిలిన ఉప్పే బలిపీఠమునకు ఇయ్యబడినది. దుఃఖమెరుగనివాని ఆదరణ చప్పగా నుండును. వలసవచ్చినవాని నోట వచ్చు ఆదరణకు రుచి యుండును. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పరిశ్రమలు మూతపడినప్పుడు, దేశమంతటను వలసకూలీలు ఆకలితో దారులు పట్టిరి. అట్టి దినమున పొరుగుగది తలుపు తట్టి బియ్యము పంచుకొనగలవాడు, ఆకలి తనకును తెలిసినవాడే. మీరు లోకమునకు ఉప్పైయున్నారని ప్రభువు చెప్పినప్పుడు (మత్తయి 5:13) ఆయన మాటలాడినది కొండమీద కూడిన పేదలతోనే.

ఇట్లు వాక్యమును విచారించినపిమ్మట ఆ తండ్రి మరునాటి రాత్రి కుమారునికి ఏమి చెప్పును? ఊరి పేరు చెప్పును. తాత మగ్గము నేసిన చోటిని చెప్పును. అవి మరువదగినవి కావు. పిమ్మట ఎజ్రా గ్రంథము విప్పి, ఉప్పు దిబ్బనుండి వచ్చినవారి పేర్లమీద వ్రేలుంచి చూపును. "వీండ్లకు గూడ వాండ్ల ఊరు ఏదో చూపెట్ట రాలేదు బిడ్డా. గని దేవుడు వీండ్లను లెక్కల పెట్టిండు. మనం గూడ లెక్కల ఉన్నం" అనును. బాలుడు ఆ సంఖ్యను తన గుజరాతీ లెక్కలలో ఒకమారు, తెలుగులో ఒకమారు చదివి చూచుకొనును. బయట రింగురోడ్డుమీద బండ్లు సాగుచునే యుండును. చోటు నిన్నటివలెనే యుండును. ఆ గదిలో మాత్రము ఊట యొకటి తెరవబడియుండును.

మందిరపు గడపనుండి నదిని పారజేసినవాడు, ఉప్పునకు విడువబడిన నేలను మరువనివాడు, తన కుమారుని గవినివెలుపట శ్రమపడనిచ్చి అక్కడనే లోకమునకు జీవపు ఊటను తెరచినవాడు, వలస చోట్లనున్న తన జనుల వేరులకు నీటిని అనుగ్రహించును గాక. వారి కన్నీళ్లను ఆయన లెక్కించును గాక. వారి కూలిని న్యాయముగా వారికి రప్పించును గాక. వారి బిడ్డలను రెండు నేలల మధ్యను పూయించును గాక. ఆమేన్.